హంతకుడి సంగతి తర్వాత, ముందు అడిగే అధికారం ఎవరికుందో చూడండి

మీరు అడిగినవి రెండు. చారిత్రక మిస్టరీ నవల ఒకటి మొదలుపెట్టి ఎనభయ్యో పేజీ దగ్గర ఆగిపోయారు, పేర్లన్నీ కలగాపులగమైపోతున్నాయి, ఎవరు రాజు మనిషో ఎవరు మఠం మనిషో తేలట్లేదు, చరిత్ర బాగా తెలిస్తే తప్ప ఇవి చదవలేమా అన్నది మొదటిది. నచ్చిన పుస్తకం గురించి నలుగురు స్నేహితులకు చెప్పి వాళ్లతో కూడా చదివించాలని ఉంది, కానీ నోరు తెరిస్తే కథ బయటికొచ్చేస్తోంది, ఎలా అన్నది రెండోది. ఇరవై ఏళ్లకు పైగా నేను ఎక్కువగా చదివింది ఈ రకం నవలలే. కొనడం, బహుమతిగా ఇవ్వడం, అరువిచ్చి వెంటపడి తిరిగి తెచ్చుకోవడం, గుంపుగా కూర్చుని చదవడం అన్నీ చేశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మీ రెండు ప్రశ్నలకూ నా దగ్గరున్న జవాబు ఒక్కటే, అది మెల్లగా చెప్తాను.

ముందు భయం తీసేద్దాం. చరిత్ర ముందే తెలిసి ఉండక్కర్లేదు. రాజుల వరుస, యుద్ధాల తేదీలు కంఠతా వచ్చినవాళ్లకు ఈ నవలలు బాగా అర్థమవుతాయనేం లేదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, మామూలు డిటెక్టివ్ నవలలు చదివిన అలవాటుతో మనం మొదటి పేజీ నుంచే "ఎవరు చంపారు" అని వెతకడం మొదలుపెడతాం. చారిత్రక మిస్టరీలో దానికంటే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కాలంలో ఎవరికి ఎవర్ని ప్రశ్నించే అధికారం ఉంది? ఈ ఒక్కటీ పట్టుకుంటే పేర్లు వాటంతట అవే సర్దుకుంటాయి.

ఎందుకంటే మనకు అలవాటైన సరంజామా ఏదీ అక్కడ లేదు. లండన్‌లో మెట్రోపాలిటన్ పోలీసు ఏర్పడిందే 1829లో. శవంలో ఆర్సెనిక్ ఉందని నమ్మకంగా తేల్చే పరీక్షను జేమ్స్ మార్ష్ ప్రచురించింది 1836లో, అంతకుముందు ఆ విషం పెట్టి చంపితే కలరానో కడుపు జబ్బో అనుకుని పూడ్చేసేవాళ్లు. వేలిముద్రల బ్యూరో కలకత్తాలో 1897లో మొదలైంది, స్కాట్లాండ్ యార్డ్‌కి ఆ పద్ధతి 1901లో చేరింది. చొక్కా మీద మరక మనిషి రక్తమా మేక రక్తమా అని చెప్పగలిగింది కూడా 1901లోనే. ఇవన్నీ తీసేశాక మిగిలేది మనిషి కళ్లు, చెవులు, పక్కవాడితో మాట్లాడే నేర్పు. అంతే. అందుకే ఈ నవలల్లో డిటెక్టివ్ పని సగం మాటలతోనే జరుగుతుంది, ఆ మాటలు ఎవరితో కుదురుతాయి, ఎవరితో కుదరవు అన్నదే అసలు కథ.

ఒక నిజమైన కేసు చెప్తాను. క్రీస్తుపూర్వం 80లో రోమ్‌లో సెక్స్‌టస్ రోస్కియస్ అనే అతను తండ్రిని చంపాడని నేరం మోపారు. తండ్రి ఒక రాత్రి రోమ్‌లో విందు నుంచి తిరిగొస్తుంటే చంపేశారు, కొడుకేమో దూరాన అమేరియా అనే ఊళ్లో పొలాలు చూసుకుంటున్నాడు. చనిపోయినాయన ఆస్తి విలువ అరవై లక్షల సెస్టర్స్‌లు, అంటే అప్పటి రోమన్ నాణేలు. నియంత సుల్లాకు కావలసినవాడు క్రిసోగొనస్ దాన్ని రెండు వేలకే కొనేశాడు. తండ్రిని చంపినట్టు రుజువైతే శిక్ష ఏంటంటే సంచిలో పెట్టి కుట్టేసి నీళ్లలో పడేయడం. కొడుకు తరఫున వాదించింది అప్పటికి ఇరవై ఆరేళ్లవాడైన సిసిరో. ఇప్పుడు అసలు విషయం చూడండి. తండ్రి దగ్గరుండే బానిసలు ఇద్దరున్నారు, వాళ్లని విచారించనివ్వండి అని కొడుకు తరఫు వాళ్లు అడిగారు. ఆస్తితో పాటు ఆ బానిసలు కూడా క్రిసోగొనస్ చేతికే వెళ్లిపోయారు, అతను ఇవ్వనన్నాడు. పైగా రోమన్ చట్టంలో బానిస చెప్పేది సాక్ష్యంగా చెల్లాలంటే చిత్రహింస పెట్టి రాబట్టాలి, ఊరికే చెప్తే చెల్లదు. అంటే నిజం తెలిసిన మనుషులు ఉన్నారు, ఎక్కడున్నారో కూడా అందరికీ తెలుసు, అయినా అడగడానికి లేదు. ఇలాంటి గోడ ఈ కాలపు డిటెక్టివ్ నవలలో ఎంత కష్టపడి కట్టినా కృత్రిమంగానే ఉంటుంది, ఆ కాలంలో అది మామూలు జీవితం. స్టీవెన్ సేలర్ ఈ కేసునే తీసుకుని 1991లో 'రోమన్ బ్లడ్' రాశాడు. సిసిరో తరఫున ఆరా తీయడానికి గోర్డియానస్ అనే మనిషిని వీధుల్లోకి పంపిస్తాడు. నేను అది మొదటిసారి చదివినప్పుడు సుల్లా ఎవరో కూడా సరిగ్గా తెలియదు. పుస్తకం పూర్తయ్యేసరికి, నియంత మనుషుల పేరెత్తడానికి జనం ఎందుకు గొంతు తగ్గిస్తారో ఎవరూ పాఠం చెప్పకుండానే తెలిసింది.

చదివేటప్పుడు నేను చేసే పని ఒకటుంది, మీ పేర్ల సమస్యకి ఇదే మందు. పుస్తకం ముందు పేజీల్లో పాత్రల పట్టిక ఇస్తారు కదా, దాన్ని నమ్ముకోకండి. అది హోదా ప్రకారమో ఇంటి ప్రకారమో ఉంటుంది, చదువుతున్నప్పుడు ఆ వరుస మనకు పనికిరాదు. పోస్టుకార్డంత కాగితం ఒకటి తీసుకుని మధ్యలో రెండు అడ్డగీతలు గీయండి, మూడు గదులు వస్తాయి. పై గదిలో ఆజ్ఞ ఇవ్వగలిగినవాళ్లు, అంటే రాజప్రతినిధి, మఠాధిపతి, న్యాయాధికారి లాంటివాళ్లు. మధ్య గదిలో ఎక్కడికైనా వెళ్లగలిగినవాళ్లు, అంటే వైద్యుడు, మంత్రసాని, చాకలి, పూజారి, సరుకులు అమ్ముకునేవాడు. కింద గదిలో అన్నీ చూసి కూడా నోరు విప్పలేనివాళ్లు, బానిసలు, పనివాళ్లు, పిల్లలు, చాలా కాలాల్లో ఆడవాళ్లు. కొత్త పేరు తగిలినప్పుడల్లా ఏదో ఒక గదిలో వేసేయండి, పెన్సిల్‌తోనే రాయండి, ఎందుకంటే కథ నడిచేకొద్దీ మనుషులు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారతారు. అలా మారిన ప్రతిచోటా చిన్న బాణం గీయండి. నేను ఇప్పటికీ ప్రతి పుస్తకానికీ ఇది చేస్తాను, చదివాక ఆ కాగితం అందులోనే వదిలేస్తాను. మధ్య గదిలో ఉన్న మనిషే చాలాసార్లు డిటెక్టివ్ అవుతాడని మీకు మూడో పుస్తకానికల్లా తెలిసిపోతుంది.

ఎల్లిస్ పీటర్స్ సృష్టించిన బ్రదర్ కాడ్‌ఫెల్ దీనికి చక్కటి ఉదాహరణ. రచయిత్రి అసలు పేరు ఈడిత్ పార్జెటర్, 1977 నుంచి 1994 దాకా ఈ వరసలో ఇరవై నవలలు వచ్చాయి. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండ్, ష్రూస్‌బరీలో క్రైస్తవ మఠం, అందులో మూలికల తోట చూసుకునే ముసలి సాధువు. కుర్రతనంలో క్రూసేడ్ యుద్ధాలకు వెళ్లాడు, ఓడల మీద తిరిగాడు, ఆ తర్వాతే మఠంలో చేరాడు. అతనికి అధికారం అంటూ ఏమీ లేదు. కానీ జ్వరమొచ్చిన ప్రతి ఇంటికీ వెళ్తాడు, సైనికుడితో సైనికుడిలా మాట్లాడతాడు, ఏ పసరు ఎంత మోతాదు దాటితే విషమో తెలుసు. రెండో నవల 'వన్ కార్ప్స్ టూ మెనీ' 1138లో జరుగుతుంది. సింహాసనం కోసం నడుస్తున్న అంతర్యుద్ధంలో స్టీఫెన్ రాజు ష్రూస్‌బరీ కోటని పట్టుకుని లోపలున్న వాళ్లలో 94 మందిని ఉరి తీయిస్తాడు. శవాలకు మర్యాదగా అంత్యక్రియలు జరిపించే పని కాడ్‌ఫెల్ మీద పడుతుంది. లెక్కపెడితే 95 ఉన్నాయి.

ఒక్క నిమిషం ఆ లెక్క దగ్గరే ఆగండి. సైన్యం కొలువు దీరి ఉంది, కోట కింద శవాల వరస, ఆగస్టు ఎండ, అందరికీ ఆ పని ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదని ఉంది. రాజే 94 మందిని చంపించినప్పుడు ఇంకొకడు ఎక్కువైతే ఎవరికి పట్టింది? అడిగేవాడు అడక్కపోతే అది నేరమే కాదు. 94 మంది చావు చట్టమైంది, తొంభై అయిదోవాడి చావు హత్య అయింది, ఆ తేడా చూసింది ఒక తోటమాలి. ఆ కాలంలో అంతర్యుద్ధం ఎలా ఉండేదో నాకు ఈ ఒక్క లెక్కతో అర్థమైనట్టు ఇంకే పుస్తకంతోనూ అర్థం కాలేదు.

చైనా కథల్లో ఇదే ప్రశ్నకు జవాబు పూర్తిగా తిరగబడుతుంది. అక్కడ న్యాయాధికారే పోలీసు, అతనే ప్రాసిక్యూటర్, అతనే జడ్జి. నిందితుడు ఒప్పుకుంటే తప్ప శిక్ష వేయడానికి లేదు, ఒప్పించడానికి కొట్టించే అధికారం ఉంది, కానీ తప్పుడు మనిషిని హింసించాడని తేలితే అతని మీదకే వస్తుంది. రాబర్ట్ వాన్ గులిక్ అనే డచ్ దౌత్యవేత్త పద్దెనిమిదో శతాబ్దపు చైనా నవల ఒకటి 1949లో ఇంగ్లీషులోకి తెచ్చాడు, తర్వాత అందులోని న్యాయాధికారి జడ్జి డీ పాత్రతోనే సొంతంగా ఎన్నో రాశాడు. డీ నిజంగా ఉన్నవాడే, ఏడో శతాబ్దంలో టాంగ్ కాలపు పెద్ద మంత్రి. వాన్ గులిక్ మాత్రం బట్టలూ ఆచారాలూ చాలావరకు తర్వాతి మింగ్ కాలానివే పెట్టాడు, పాత చైనా కథకులూ అలాగే చేసేవాళ్లని తనే చెప్పుకున్నాడు. దాన్ని నేను తప్పుగా పట్టుకోను. దాచకుండా చెప్పి చేశాడు కదా.

చైనా ప్రస్తావన వచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. సోంగ్ త్స్ అనే అధికారి 1247లో శవపరీక్ష గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో దారి పక్కన శవం దొరికిన కేసొకటి ఉంది. ఒళ్లంతా కొడవలి గాట్లు, వస్తువులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి, అంటే దొంగతనం కాదు, కక్ష. అధికారి చుట్టుపక్కల వాళ్లందర్నీ కొడవళ్లు తెచ్చి నేల మీద పెట్టమన్నాడు. డెబ్భై, ఎనభై కొడవళ్లు. ఎండాకాలం. కాసేపటికి ఒక్క కొడవలి మీదే ఈగలు ముసిరాయి, కడిగినా కంటికి కనబడని రక్తం వాసన వాటికి తెలిసింది. లేబొరేటరీ లేని రోజుల్లో బుర్ర ఎలా పనిచేసేదో చెప్పే సంగతి ఇది. మంచి చారిత్రక మిస్టరీ ఇలా ఉండాలి. ఆ కాలంలో చేతికందే వస్తువుతోనే ముడి విప్పాలి. ఎక్కడైనా డిటెక్టివ్ తన కాలానికి వందేళ్ల తర్వాతి తెలివితో మాట్లాడుతుంటే, ఏ తలుపూ అతనికి మూసి ఉండకపోతే, ఆ పుస్తకం పక్కన పెట్టేయడానికి మొహమాటపడకండి. చీరకట్టో తలపాగానో తేడాగా ఉంటే క్షమిస్తాను, ఇది మాత్రం నేను క్షమించను.

అడిగే అధికారం ఎవరికన్న ప్రశ్న మీదే నిలబడ్డ ఇంకో నవల సుజాతా మాస్సీ రాసిన 'ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్', 2018లో వచ్చింది. 1921 బొంబాయి. పరదా పాటించే ముగ్గురు వితంతువుల ఇల్లు, బయటి మగవాళ్లు లోపలికి వెళ్లడానికి లేదు, కాబట్టి ఏ మగ లాయరూ వాళ్లతో ఎదురుగా కూర్చుని మాట్లాడలేడు. పర్వీన్ మిస్త్రీ అనే ఆడ లాయరు వెళ్లగలదు. ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్రం చదివిన మొదటి మహిళ కొర్నీలియా సొరాబ్జీ జీవితం ఈ పాత్రకు ఒక ప్రేరణ. లోపలి ఆడవాళ్ల ఆస్తి కాగితాల మీద సంతకాలు ఎవరు ఎలా పెట్టిస్తున్నారన్న చిన్న అనుమానంతో మొదలవుతుంది. తుపాకులు, వెంటపడటాలు కావాలనుకునేవాళ్లకు మొదట్లో నెమ్మదిగా అనిపించొచ్చు. నాకు మాత్రం జాలీ తెర అవతలి నుంచి గొంతు మాత్రమే వినిపించే చోటే ఒళ్లు జలదరించింది.

ఇక కాలం గురించి. ఎలిబై, అంటే నేరం జరిగిన వేళకి నేను వేరేచోట ఉన్నానన్న రుజువు, పట్టుకోవాలంటే గంటలు తెలియాలి కదా, కానీ గంట అనేదే ఎప్పుడూ ఒకేలా లేదు. రోమన్లు పగటిని పన్నెండు భాగాలు చేసేవాళ్లు, ఎండాకాలంలో పగలు పెద్దది కాబట్టి వాళ్ల గంట మన డెబ్భై అయిదు నిమిషాల దాకా ఉండేది, చలికాలంలో నలభై అయిదుకి తగ్గేది. మఠాల్లో గంటల బదులు ప్రార్థన వేళలే లెక్క. ఇంగ్లండ్‌లో 1752 దాకా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, అంటే 1740 ఫిబ్రవరి అని తేదీ వేసిన ఉత్తరం మన లెక్కలో 1741ది. ఆ 1752లోనే క్యాలెండర్ మార్చారు, సెప్టెంబర్ 2 తర్వాత రోజు సెప్టెంబర్ 14 అయింది. ఉత్తరాల చుట్టూ తిరిగే కథ చదువుతున్నప్పుడు ఇది తెలియకపోతే రచయిత తప్పు రాశాడనుకుంటాం. వెలుతురు కూడా అంతే. వీధి దీపాలు లేని రోజుల్లో రాత్రి ఫలానా మనిషిని చూశానని సాక్షి అంటే వెంటనే చంద్రుడు ఏడీ అని అడగాలి. నిజంగానే 1858లో అబ్రహాం లింకన్ లాయరుగా ఒక హత్య కేసులో, వెన్నెల్లో చూశానన్న సాక్షి ముందు పంచాంగం పెట్టి ఆ వేళకి చంద్రుడు అస్తమించబోతున్నాడని చూపించాడు, నిందితుడు బయటపడ్డాడు.

మీరు ఆగిపోయిన పుస్తకం పేరు రాయలేదు. మఠం అన్నారు కాబట్టి అది ఉంబర్తో ఎకో 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' అయితే మాత్రం తప్పు మీది కాదు. 1980లో వచ్చిన నవల, కథ 1327లో ఒక మఠంలో ఏడు రోజుల పాటు జరుగుతుంది. మొదటి వంద పేజీలు కుదించమని ప్రచురణ సమయంలో ఆయనకు సలహా ఇచ్చారట, ఆయన ఒప్పుకోలేదు. మఠంలోకి వచ్చి వారం ఉండాలనుకునేవాడు మఠం నడకకే అలవాటుపడాలన్నది ఆయన వాదన. నేను దానితో ఏకీభవిస్తాను, కానీ మొదటి పుస్తకంగా మాత్రం ఎవరికీ ఇవ్వను. నాలుగైదు తేలికైనవి చదివాక తిరిగి రండి, అప్పుడు ఆ వంద పేజీలే ఇష్టమవుతాయి. ఒర్హాన్ పాముక్ 'మై నేమ్ ఈజ్ రెడ్' కూడా అలాంటిదే. 1591 ఇస్తాంబుల్, బావిలో పడున్న శవమే మొదటి అధ్యాయంలో మనతో మాట్లాడుతుంది. అద్భుతమైన పుస్తకం, కానీ బొమ్మలు వేసేవాళ్ల గొడవ మీద ఓపిక ఉండాలి.

ఇంకో జాగ్రత్త, చాలామంది చేసే పొరపాటు ఇది. పుస్తకం చివర రచయిత మాట అని ఉంటుంది, ఏది నిజం ఏది కల్పన అని వివరిస్తారు. ఎంత తెలివైన పాఠకులైనా చరిత్ర అర్థం కావట్లేదని మధ్యలో అక్కడికి దూకుతారు. దూకొద్దు. ఫలానా మనిషి నిజంగా ఉన్నాడు, అతని చావు మాత్రం నేను మార్చాను అన్న ఒక్క వాక్యంతో మూడొందల పేజీల శ్రమ పోతుంది. నేను పుస్తకం ఎవరికైనా ఇచ్చేటప్పుడు ఆ పేజీల చుట్టూ రబ్బరు బ్యాండు వేసి ఇస్తాను.

సరే, పంచుకోవడం దగ్గరికొద్దాం. మీకు తెలియకుండానే నేను ఇప్పటిదాకా అదే చేస్తున్నాను. పైన ఇన్ని పుస్తకాల గురించి చెప్పాను, ఒక్కదానిలోనూ హంతకుడు ఎవరో మీకు తెలియదు, కానీ రెండు మూడైనా చదవాలని అనిపించి ఉంటుంది. ఎందుకంటే నేను చెప్పింది అడ్డంకి ఏంటో. అడ్డంకి చెప్తే కథ బయటపడదు, ఆసక్తి మాత్రం పుడుతుంది. "94 మందిని ఉరి తీశారు, 95 శవాలున్నాయి" అంటే చాలు, ఇంకొక్క ముక్క అక్కర్లేదు. "సాక్షులు ముగ్గురు, కానీ వాళ్లని చూడటానికి వీల్లేదు" అంటే చాలు. ఆస్పత్రి మంచం మీద కదల్లేకుండా పడున్న పోలీసు అధికారి ఒక రాజు బొమ్మ చూసి, ఈ ముఖం చిన్నపిల్లల్ని చంపించిన ముఖంలా లేదే అనుకుని, పుస్తకాల సాయంతోనే నాలుగొందల ఏళ్లు దాటిన కేసు తిరగదోడతాడు అంటే చాలు. అది జోసెఫిన్ టే 1951లో రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్', ఆ రాజు ఇంగ్లండ్‌ని ఏలిన మూడో రిచర్డ్. ఆయన ఎముకలు 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద దొరికాయి, కాబట్టి ఈ పుస్తకం చదివినవాళ్లతో మాట్లాడుకోవడానికి ఇంకో గంట సరుకుంది.

అనకూడని మాటలు కూడా ఉన్నాయి. "చివర్లో ట్విస్ట్ మామూలుగా ఉండదు" అంటాం చూడండి, అది కూడా కథ చెప్పేయడమే. అది విన్నవాడు ప్రతి పేజీలో ట్విస్ట్ కోసమే కాచుక్కూర్చుంటాడు, ఎవరు మరీ మంచివాళ్లుగా కనిపిస్తే వాళ్లని అనుమానిస్తాడు, ఇక కథ మనసుకెక్కదు. "నువ్వు అస్సలు ఊహించలేవు" అన్నా అంతే. సిరీస్ అయితే ఇంకా జాగ్రత్త. ఒక సిరీస్‌లో మొదట్లో మనకు గట్టిగా అనుమానం కలిగించే మనిషి తర్వాతి పుస్తకాల నిండా కనిపిస్తూనే ఉంటాడు, అయిదో పుస్తకం ముందు చదివినవాడికి ఆ మొదటిది పాడైపోయినట్టే. అది ఏ సిరీసో ఇక్కడ చెప్పను, మీకే తగులుతుంది. వరసలోనే ఇవ్వండి, వరసలోనే చదవమనండి.

తమ పుస్తకాలు అరువిచ్చేవాళ్లకు ఒక విన్నపం. చాలా ఏళ్ల కిందట నాకు ఒకరు ప్రేమగా పుస్తకం అరువిచ్చారు. నలభై మూడో పేజీలో ఒక పేరు కింద సన్నటి పెన్సిల్ గీత, పక్కన మార్జిన్‌లో చిన్న నక్షత్రం. అంతే, ఒక్క అక్షరం రాయలేదు. అయినా ఆ పేరు వచ్చినప్పుడల్లా నా కళ్లు అక్కడే ఆగేవి, చివరికి అదే మనిషి. నాకు ఆ పుస్తకం మళ్లీ మొదటిసారి చదివే అవకాశం ఇక లేదు, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. గీతలు గీసుకోవాలనిపిస్తే విడి కాగితం మీద పేజీ నంబరు రాసుకోండి. నా మూడు గదుల కాగితం కూడా ఇచ్చే ముందు తీసి డైరీలో పెట్టుకుంటాను.

నలుగురున్నారు అన్నారు కాబట్టి కలిసి చదవడమే మేలు. మేం ఆరుగురం చేసే పద్ధతి చెప్తాను. పుస్తకాన్ని మూడు భాగాలు చేసుకుంటాం, ఎవరూ గీత దాటకూడదు. మొదటి రెండుసార్లు కలిసినప్పుడు అనుమానాల గురించి మాట్లాడం, ఆ కాలం గురించే మాట్లాడతాం, ఎవరు ఎవర్ని అడగగలిగారు, ఎవరు అడగలేకపోయారు, ఎందుకు. రెండో భాగం అయ్యాక ప్రతివాళ్లూ ఒక చీటీ మీద పేరు, కారణం ఒక్క వాక్యం రాసి మడిచి డబ్బాలో వేస్తారు, అవి ఆఖరి రోజే విప్పుతాం. 'రోమన్ బ్లడ్' చదివినప్పుడు మా గుంపులో కోర్టులో గుమస్తాగా పనిచేసిన ఆవిడ ఒకరున్నారు, చరిత్ర పుస్తకం ఎప్పుడూ ముట్టుకోలేదు. మేమందరం మనుషుల ముఖాలూ మాటలూ పట్టుకుని వేలాడుతుంటే ఆవిడ మాత్రం "ఆస్తి వేలం వేసిన తేదీ, చనిపోయిన తేదీ పక్కపక్కన పెట్టి చూశారా?" అని అడిగారు. ఆ రోజు గంటన్నర ఆ రెండు తేదీల మీదే నడిచింది. చరిత్ర తెలియాలా అని అడిగారు కదా, ఎవరి పని వాళ్లకు నేర్పిన చూపు చాలు. నర్సుకు విషం లక్షణాలు కనిపిస్తాయి, దర్జీకి బట్టలు, లెక్కలు చూసేవాళ్లకు వడ్డీలు.

పీడీఎఫ్‌లు చేసి గ్రూపుల్లో పంపడం మాత్రం వద్దు. ఈ రచయితలు ఒక్కో పుస్తకానికి ఏళ్లు పెట్టి పాత రికార్డులు తిరగేస్తారు, అమ్మకాలు లేకపోతే ప్రచురణకర్త సిరీస్‌ని మధ్యలోనే ఆపేస్తాడు. అలా ఆగిపోతే తర్వాతి భాగం కోసం ఎదురుచూస్తూ మిగిలేది మనమే. ఒక కాపీ కొని అందరూ చేతులు మార్చుకుని చదవండి, లేదా లైబ్రరీలో తెప్పించమని అడగండి.

ఎవరికి ఏది ఇవ్వాలంటే, ఎప్పుడూ చదవని స్నేహితుడికి కాడ్‌ఫెల్. కోర్టు వాదనలు ఇష్టమైతే సేలర్. అగాథా క్రిస్టీ అభిమానికి ఆవిడే రాసిన 'డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్' ఇవ్వండి, 1944లో వచ్చింది, నాలుగు వేల ఏళ్ల కిందటి ఈజిప్టులో జరుగుతుంది, హెకానఖ్త్ అనే పూజారి ఇంటివాళ్లకు రాసిన నిజమైన ఉత్తరాల్లోంచి పుట్టిన కథ. రాజకీయం ఇష్టపడేవాళ్లకు సి.జె. శాన్సమ్ 'డిసల్యూషన్', 1537, మఠాలు మూసేయిస్తున్న రాజ్యం తరఫున ఒక మఠంలోకి హత్య విచారించడానికి వెళ్లిన లాయరు. అడిగే అధికారం పూర్తిగా చేతిలో ఉన్నప్పుడు మనిషి ఏమవుతాడో అది చూపిస్తుంది. మన దగ్గరి కథ కావాలంటే అబీర్ ముఖర్జీ 'ఎ రైజింగ్ మ్యాన్', 1919 కలకత్తా, తెల్ల పోలీసు అధికారికి తెరుచుకోని తలుపులు అతని బెంగాలీ సార్జెంటుకు తెరుచుకుంటాయి, సార్జెంటుకు మూసుకుపోయేవి ఆ అధికారికి తెరుచుకుంటాయి.

ఆగిపోయిన పుస్తకాన్ని ఇప్పటికి షెల్ఫులో పెట్టేయండి. ఈ వారం ఆ 95 శవాల లెక్కతో మొదలుపెట్టండి. మూడు గదుల కాగితం పక్కన పెట్టుకుని సగం దాకా వెళ్లాక, మీకు ఎవరి మీద అనుమానమో, ఎందుకో రాసి నాకు పంపండి. అవునో కాదో మాత్రం చెప్పను, మీ కాగితంలో ఎవరు ఏ గదిలో ఉన్నారో చూసి దాని మీద మాట్లాడతాను.